మధ్యాహ్నం కోడలు

"ఇందాకేగా టీ ఇచ్చావు. మళ్లీ ఎందుకే?" అంది అత్తయ్య.

నేను యూనివర్సిటీకి వెళ్లివచ్చిన మొదటి సాయంత్రం అది. గొడుగు గుమ్మం పక్కన ఆరబెట్టి, బట్టలైనా మార్చుకోకుండా వంటింట్లోకి వెళ్లి టీ పెట్టి తెచ్చాను. మధ్యాహ్నమంతా ఒక్కర్తే ఉంది కదా, గొంతు ఎండిపోయి ఉంటుందనుకున్నాను.

"నేనెప్పుడిచ్చాను అత్తయ్యా?"

"వాన మొదలైనప్పుడు. కిటికీ రెక్క మూశావు, నా కాళ్ల మీద దుప్పటి కప్పావు, టీ ఇచ్చావు. నీకే గుర్తు లేకపోతే నన్నడిగితే ఏం లాభం?"

వాన మొదలైనప్పుడు నేను ఊరికి ఆ చివర యూనివర్సిటీ మెట్ల మీద తలదాచుకుని నిలబడి ఉన్నాను. కిటికీ వైపు చూశాను. రెక్క మూసే ఉంది. గాలికి మూసుకుని ఉంటుంది. దుప్పటి ఆవిడే లాక్కుని ఉంటుంది. గ్లాసు కడిగి బోర్లించి ఉంది, అది పొద్దున్న నేనే బోర్లించి ఉంటాను. ఇంటి పని చేసేవాళ్లకి ఇలాంటి సర్దుబాట్లు చేతనవును.

"పోనీలెండి, ఇంకో గుక్క తాగండి" అన్నాను.

ఆ వానాకాలం గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం. మాట ఎటు తిరిగి అటు వచ్చినా ఎవరో ఒకరు లేచి వేరే గదిలోకి వెళ్లిపోతారు.

పెళ్లికి ముందు ఆఖరి టర్ములో ఆగిపోయిన డిగ్రీ నాది. మా అమ్మాయి పదో తరగతికి వచ్చిన ఏడు, మధ్యలో మానేసినవాళ్లకి ఇదే ఆఖరి అవకాశమని యూనివర్సిటీ ప్రకటించింది. ఒక్క టర్ము క్లాసులకు వెళ్లి పరీక్షలు రాస్తే డిగ్రీ ఇస్తారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. క్లాసులు మధ్యాహ్నాలు. వానలతో మొదలై వానలతో అయిపోయే టర్ము.

ఆయన మందుల షాపు నడుపుతారు. ఏ మాటైనా సీసా మీద చీటీ అంటించినట్టు చెప్పడం అలవాటు.

"వెళ్లు, నేను వద్దనను" అన్నారు. "కానీ అమ్మ సంగతి నీకు తెలుసు. ఒంట్లోగానీ మతిలోగానీ ఆవిడకి ఏ కాస్త తేడా వచ్చినా మర్నాటి నుంచి నువ్వు ఇంట్లో ఉండాలి. అప్పుడు నన్ను బతిమాలకూడదు."

"బతిమాలను" అన్నాను.

అత్తయ్యకి విరిగిన తుంటి ఎముక అతుక్కుందిగానీ చేతికర్ర లేనిదే నడవలేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు. వానలు తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు. నేను బయల్దేరేటప్పుడు వీధి తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఎదురింటి టైలరమ్మకి ఇచ్చి వెళ్లేలా ఏర్పాటు చేసుకున్నాం. ఆవిడ రోజంతా కిటికీ దగ్గర మిషను కుడుతూ కూర్చుంటుంది. మా ముందుగది కిటికీ ఆవిడ ఎదురుగానే ఉంటుంది. పెరటి గోడకి వెనక సందువైపు ఉన్న తలుపు సంగతి మాకు బెంగ లేదు. మొదటి వానకే చెక్క ఉబ్బి చట్రంలో బిగుసుకుపోతుంది, వానాకాలం పోయేదాకా ఎవరు తోసినా కదలదు.

ఆయన పొద్దున్నే షాపుకి వెళ్తూ, చెప్పుల్లో కాళ్లు పెడుతూ, ఇంట్లోకి తిరిగి "అమ్మ జాగ్రత్త" అనేవారు. నేను తల ఊపేదాన్ని.

*

మా క్లాసులో అందరం వయసు మీరినవాళ్లమే. ఒక నర్సు, ఒక లారీ డ్రైవరు, మనవడి పాత సంచీ తగిలించుకుని వచ్చే పెద్దాయన ఒకరు. పాఠం చెప్పే మేడమ్ మా అందరికంటే చిన్నది. మాది భూగోళశాస్త్రం. ఆ టర్మంతా పటాలు గీయడమే. పెన్సిలుని మిషన్లో చెక్కితే ఆవిడ ఒప్పుకునేది కాదు, బ్లేడుతో చెక్కి ములుకు సన్నగా పొడుగ్గా తియ్యాలి.

"ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పోతే వచ్చేది కాంటూరు గీత" అని చెప్పిందొకరోజు. "రెండు కాంటూరు గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. దాటాయంటే ఒకే చోటు రెండు ఎత్తుల్లో ఉన్నట్టు."

"అలా అసలు ఉండదా మేడమ్?" అన్నాను.

ఆవిడ సుద్దముక్క అందుకుంది. "ఉంటుంది. కొండచరియ ముందుకి పొడుచుకొచ్చి, దాని కింద నేల ఉన్నచోట. అప్పుడు కింద దాగిన గీతని చుక్కలతో గీస్తాం. కానీ మీ జీవితంలో అలాంటి పటం గీయాల్సిన అవసరం రాదులెండి."

ఇంటికొచ్చేసరికి ఉతికిన దుప్పట్లు మడిచి ఉన్నాయి. నేను దుప్పట్లు తిరగేసి మడుస్తాను. దుమ్ము పడితే వెనకవైపు పడాలి, ముఖానికి తగిలే వైపు కాదు. మా ఇంట్లో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు. మా అమ్మాయి మడిస్తే మడతలో కుక్కపిల్ల పడుకున్నట్టుంటుంది.

ఇవి తిరగేసి మడిచి ఉన్నాయి. అంచుకి అంచు కలిసి.

"నువ్వు మడిచావా?" అని అమ్మాయిని అడిగాను.

"నేనిప్పుడేగా వచ్చాను. ఎందుకమ్మా, ఏమైనా తప్పుగా మడిచారా?"

"లేదు. సరిగ్గానే ఉన్నాయి."

ఆ రాత్రి అత్తయ్య కాళ్లకి మందు రాస్తూ, ఎవరూ వినకుండా అడిగాను. "మధ్యాహ్నం టీ ఎలా ఉంటోంది అత్తయ్యా?"

ఆవిడ నవ్వింది. "ఎలా ఉంటుంది, మన టీలాగే. వాడికి తెలీకుండా అరచెంచా."

అత్తయ్యకి చక్కెర వద్దని డాక్టరు చెప్పి చాలా కాలమైంది. ఆయన మందుల మనిషి, ఇంట్లో డబ్బా కూడా పై అరలో పెట్టిస్తారు. అయినా ఆవిడ ముఖం చూడలేక నేను అరచెంచా వేస్తూ వచ్చాను. అది మా ఇద్దరి మధ్యే ఉన్న సంగతి. ఆయనకీ తెలీదు, అమ్మాయికీ తెలీదు. చేతికర్రతో నడిచే మనిషికి ఆ పై అర అందదు.

నా చేతులకున్న మందు కడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

*

టైలరమ్మ నోరు ఆవిడ సూది లాంటిది. తాళంచెవి అందిస్తే తీసుకుంటూ ఒకరోజు కన్ను గీటింది.

"భలేదానివే వదినా. మా ఆయన కూడా ఇంతే, డ్యూటీ అని చెప్పి సంచీ పట్టుకుని వెళ్లేవాడు, చూస్తే సినిమా హాలు ముందు తేలేవాడు. నువ్వు ఇంకో అడుగు ముందుకేశావు. కాలేజీ అని చెప్పి ఇంట్లోనే తేలుతున్నావు."

"అదేంటి?"

"రోజూ కిటికీలో కనపడుతున్నావుగా. నిన్న చెయ్యి ఊపితే తల కూడా ఎత్తలేదు. పోన్లే, ఎవరి తిప్పలు వాళ్లవి. నేనెవరికీ చెప్పను."

ఎవరికీ చెప్పవద్దని నేనూ అడగలేదు. చెప్పమనీ అనలేదు. సంచీ భుజాన వేసుకుని బస్సు కోసం నడిచాను. బస్సులో కూర్చున్నాక గమనించాను, గొడుగు తెరిచే ఉంది, మోకాళ్ల మీద.

ఆ వారంలోనే భోజనాల దగ్గర అత్తయ్య ఉన్నట్టుండి కొడుకుతో అంది. "నీ పెళ్లాం మధ్యాహ్నాలు నా దగ్గరే కూర్చుంటోందిరా. పూర్వంకంటే నయం. మాటలు తక్కువ, ఓపిక ఎక్కువ. సాయంత్రం అయ్యేసరికే ఏదో పరాకు, పక్కనున్నా లేనట్టే."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. నా వైపు చూశారు.

"కాలేజీకి వెళ్లడం లేదా?"

వెళ్తున్నానంటే, వాళ్లమ్మ లేని మనిషిని చూస్తోందన్నమాట. మతిలో తేడా అన్నారు కదా. మర్నాటి నుంచి నేను ఇంట్లో ఉండాలి. వెళ్లడం లేదంటే చదువే లేదు. అమ్మాయి కంచంలోంచి తలెత్తి మమ్మల్ని మార్చి మార్చి చూస్తోంది.

"మధ్యలో ఒకసారి వచ్చి చూసి వెళ్తున్నాను" అన్నాను.

"ఆ వానలోనా? అంత దూరం నుంచా?"

"బస్సు ఉందిగా."

ఆయన మళ్లీ అన్నం కలుపుకున్నారు. అత్తయ్య మాత్రం నా గొంతు వచ్చిన వైపుకి ముఖం తిప్పి, ఏదో పోల్చుకుంటున్నదానిలా చాలాసేపు వింటూ ఉండిపోయింది. నేను వడ్డించడం ఆపేశాక కూడా.

*

ఒకరోజు యూనివర్సిటీ ముందు రోడ్డు మునిగి క్లాసు జరగలేదు. వెళ్లిన బస్సులోనే తిరిగి వచ్చాను. మా వీధి మలుపు తిరగ్గానే మా ముందుగది కిటికీ కనిపించింది. కిటికీ రెక్కలు తెరిచి ఉన్నాయి. అత్తయ్య వీపు ఇటు పెట్టి కుర్చీలో కూర్చుని ఉంది. విరబోసిన తెల్లని జుట్టు. ఆ జుట్టులో దువ్వెన పైనుంచి కిందికి మెల్లగా దిగుతోంది. దువ్వెన పట్టుకున్న చేతికి, మోచేతి దాకా, మా ఆకుపచ్చ శాలువా. వానాకాలంలో ఇంట్లో కప్పుకోవడానికి తలుపు వెనక మేకుకి తగిలించి ఉంచుతాను దాన్ని.

మోచేతి పైన కిటికీ చట్రం అడ్డం వచ్చింది.

పరిగెత్తాలనిపించలేదు. అలాగని ఆగాలనీ అనిపించలేదు. టైలరమ్మ లోపలెక్కడో ఉంది. గుమ్మంలో కొక్కేనికి తగిలించిన తాళంచెవి నేనే తీసుకున్నాను. మా తలుపు తాళం తీస్తున్నప్పుడు లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు.

ముందుగదిలో అత్తయ్య ఒక్కర్తే ఉంది. దువ్వెన ఆవిడ ఒడిలో ఉంది. శాలువా మేకుకి తగిలించి ఉంది.

"మధ్యలో లేచి ఎక్కడికి పోయావే? చెయ్యి తియ్యగానే విడిపోతుందని తెలుసుగా" అంది.

జడ సగం అల్లి ఉంది. మూడు పాయలూ నేను అల్లే బిగువులోనే, ఎడమ పాయతో మొదలుపెట్టి. నేను వెనక నిలబడి, ఆ పాయలు జారిపోకుండా అందుకుని, మిగతా సగం అల్లాను. అల్లుతున్నంతసేపూ నా వేళ్లకి ఆ జుట్టు అప్పటికే వెచ్చగా తగిలింది. కొసకి దారం కట్టి, జడ ముందుకి వేసి చూశాను. ఎక్కడ అతుకు పడిందో నాకే తెలియలేదు.

ఆ తర్వాత నేను మళ్లీ ఎప్పుడూ ముందుగా ఇంటికి రాలేదు. క్లాసు తొందరగా అయిపోయినా లైబ్రరీలో కూర్చుని, వచ్చే వేళకే వచ్చేదాన్ని. తలుపు తీసేముందు తాళం కప్పని కాస్త గట్టిగా కదిపేదాన్ని, లోపల ఉన్నవాళ్లకి వినపడేలా. భయం లేదని చెప్పను. కానీ ఆ భయంతోపాటే నా చదువు సాగుతోంది. రెండింట్లో ఒకటి పోతే రెండోదీ పోతుందని నాకు అర్థమైంది. మధ్యాహ్నం బయల్దేరేటప్పుడు చక్కెర డబ్బా పై అర నుంచి కింద అరకి దించి పెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. సాయంత్రం వచ్చాక మళ్లీ పైన పెట్టేదాన్ని.

*

ఆఖరి పరీక్ష పటం గీయడం. ఆ రోజు వాన ఎంత జోరుగా ఉందంటే హాల్లో లైట్లన్నీ వేశారు. పొద్దున్న ఆయన చెప్పుల్లో కాళ్లు పెడుతూ "అమ్మ జాగ్రత్త" అన్నారు. ఆ పూట ఆ మాటలో నా పరీక్ష కూడా కలిసినట్టుంది. "బాగా రాయి" అన్నట్టు వినిపించింది నాకు.

ఎత్తులన్నీ అంకెల్లో ఇచ్చారు. కొండ, లోయ, ఒక పక్క ముందుకి పొడుచుకొచ్చిన చరియ. మేడమ్ మా వరస పక్కనుంచి వెళ్తూ నా వైపు చూసి చిన్నగా నవ్వింది. ఇలాంటి పటం మీకు అవసరం రాదన్న మనిషి.

సగం గీశాను. అప్పుడు నా ఎడమ చేతి మీద ఏదో బరువు పడింది.

చేతి మీద ఏమీ లేదు. కానీ బరువు తెలుస్తూనే ఉంది. ఒక తల బరువు. నెరిసిన వెంట్రుకలు ముంజేతికి గుచ్చుకుంటున్నాయి. కాళ్లకి రాసే మందు వాసన వచ్చింది. ఆ వాసన మా ఇంటి ముందుగదిలో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఆ వెంటనే వేళ్ల సందుల్లోంచి వెచ్చగా ఏదో కారుతున్నట్టయింది. కుడిచేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"ఏమైనా కావాలా?" మేడమ్ వంగి అడిగింది. "ఒంట్లో బాలేదా? వెళ్లాలంటే వెళ్లొచ్చు. కానీ ఒకసారి హాలు దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు."

ఎదురుగా తలుపు తెరిచే ఉంది. దాని అవతల వాన. బస్సు, వీధి మలుపు, ఇల్లు.

"పెన్సిలు ములుకు విరిగింది" అన్నాను. "చెక్కుకుంటాను."

బ్లేడు తీసి చెక్కాను. ఎడమ చెయ్యి కదపలేదు. ఎవరైనా చూస్తే పటం జరగకుండా మోపి ఉంచాననుకుంటారు. కదిపితే ఆ తల నేలకి తగులుతుందేమోనని నాకు భయం. అలాగే ఒంటిచేత్తో మిగతా పటం గీశాను. చరియ కింద దాగిన గీతని చుక్కలతో గీసి, కాగితం ఇచ్చేసి లేచాను.

*

మా వీధిలో ఆటో, మా గుమ్మంలో చెప్పులు. అత్తయ్య మంచం మీద ఉంది, నుదుటికి కట్టు. పెరటి వసారాలో జారిపడిందట. డాక్టరు చూసి వెళ్లారు. ఎముకలకేం కాలేదు, రక్తం మాత్రం బాగా పోయింది. ఆయన మంచం పక్కన కూర్చుని ఉన్నారు.

టైలరమ్మ నన్ను చూసి నుదురు కొట్టుకుంది. "ఎక్కడికి పోయావు వదినా మధ్యలో? నువ్వు కిటికీలోంచి పిలవబట్టి సరిపోయింది. తాళం తీసుకుని వచ్చేసరికి ఆవిడ తల చేతి మీద పెట్టుకుని కూర్చున్నావు, రక్తం ఆగేలా అరచేత్తో నొక్కిపట్టి. నేను అన్నయ్యకి ఫోను చేసి వెనక్కి తిరిగేసరికి లేవు. అయినా బయట తాళం పెట్టుకుని లోపలికెలా వచ్చావు? పెరటి తలుపు తీశావా?"

"ఆఁ" అన్నాను.

ఆయన లేచి నా దగ్గరికొచ్చారు. నా భుజాన సంచీ ఉంది. సంచీలోంచి స్కేలు బయటికి కనపడుతోంది. ఆయన దాన్ని చూడలేదో, చూసి మందుల కోసం వెళ్లొచ్చాననుకున్నారో.

"పరీక్ష వదిలేసుకున్నావు కదూ" అన్నారు. పెళ్లయ్యాక ఆయన అంత మెత్తగా మాట్లాడటం అదే మొదటిసారి వినడం. "ఏడవకు. అమ్మ దక్కింది. నేను నీకు పెట్టిన షరతు అనవసరం. నీ మీద నమ్మకం లేక కాదు."

నేను ఏడుస్తున్నానని ఆయన అనేదాకా నాకు తెలీదు. పరీక్ష రాశానని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాట వెనకాలే ఇంకో మాట చెప్పాల్సి వస్తుంది. నోరు మూసుకుని స్నానాలగదిలోకి వెళ్లాను.

అక్కడ బకెట్లో ఆకుపచ్చ శాలువా నానుతోంది. నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. వేలు ముంచి నాలుకకి రాసుకున్నాను. ఉప్పు. నెత్తురు మరకలకి చన్నీళ్లలో ఉప్పు వేసి నానబెట్టాలి, వేడినీళ్లు తగిలితే మరక పట్టేస్తుంది. నాకు మా అమ్మ నేర్పింది. నేనింకా ఎవరికీ నేర్పలేదు.

శాలువా పిండి, జాడించి, ఆరేశాను. మరక పోయింది.

*

వానలు తగ్గుతుండగా ఫలితాలు వచ్చాయి. అమ్మాయి ఫోన్లో చూసి గంతులేసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క సబ్జెక్టూ చదివారు. అన్నిట్లోనూ పాసు. అన్నిటికంటే ఎక్కువ మార్కులు పటానికి.

ఆయన అక్కడ ఆగారు. అమ్మాయి పక్కింటికి చెప్పడానికి వెళ్లాక తలెత్తారు.

"ఆ రోజు నువ్వు ఇంట్లో ఉన్నావు" అన్నారు.

"ఉన్నాను."

"మరి పరీక్ష ఎవరు రాశారు?"

"నేనే."

బయట చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన లేచి పెరట్లోకి వెళ్లారు. తలుపుని ఒకసారి భుజంతో తొయ్యడం వినిపించింది. ఇంకోసారి. తలుపు తెరుచుకున్న చప్పుడు మాత్రం రాలేదు. తిరిగి వచ్చినప్పుడు చొక్కా భుజానికి తడి చెక్క పొట్టు అంటుకుని ఉంది. కళ్లజోడు తుడుచుకుని, ఫోను బోర్లా పెట్టి, "టీ ఉందా?" అని అడిగారు. అంతే.

డిగ్రీలు ఇచ్చే రోజున ముగ్గురం బయల్దేరాం. మొదట అత్తయ్య దగ్గర తను ఉంటానంది అమ్మాయి.

"అక్కర్లేదు, నువ్వూ రా" అన్నారాయన. "అమ్మ స్టేజీ ఎక్కడం చూడాలి నువ్వు."

"మరి నానమ్మ?"

ఆయన మా ఇద్దర్నీ ముందు నడవమన్నారు. అందరికంటే వెనగ్గా గుమ్మం దాటి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, తలుపు లాగేముందు ఖాళీగా ఉన్న వంటింటి వైపు తిరిగారు. నేను అప్పటికే మెట్లు దిగి వీధిలో ఉన్నాను.

"అమ్మ జాగ్రత్త" అన్నారు లోపలికి, నెమ్మదిగా.

తాళం వేసి, తాళంచెవి టైలరమ్మకి ఇచ్చి వచ్చారు. దారంతా నా వైపు చూడలేదు. బస్సులో మాత్రం నా చెయ్యి పట్టుకున్నారు. ఎడమ చెయ్యి.

సాయంత్రం డిగ్రీ కాగితం తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టాను. కళ్లకి అక్షరాలు ఆనవు కాబట్టి వేళ్లతో తడిమింది. ముద్ర వేసిన చోట వేలు ఆగింది.

"ఇదేనా? ఇందుకేనా ఇన్నాళ్లూ తిరిగావు?"

"ఇందుకే అత్తయ్యా."

"బాగుంది" అంది. కాగితం తిరిగి నాకిస్తూ గొంతు తగ్గించింది. "ఆ పిల్లకి కూడా ఓసారి చూపించవే. పొద్దుట్నుంచీ కిటికీ దగ్గరే నిలబడి ఉంది పాపం."

నేను కిటికీ వైపు తిరగలేదు. లోపలిగదిలోకి వెళ్లి, మడిచిన దుప్పట్ల పక్కన బల్ల మీద కాగితం పరిచాను, అక్షరాలు పైకి ఉండేలా. మూలలు లేవకుండా స్కేలు ఒక పక్క, పెన్సిళ్ల డబ్బా ఒక పక్క పెట్టాను. తలుపు దగ్గరగా వేసి వంటింట్లోకి వచ్చి పొయ్యి వెలిగించాను. గిన్నెలో రోజూకంటే ఒక గ్లాసు నీళ్లు ఎక్కువ పోశాను. అవి మరిగి, టీ అయ్యి, చల్లారేదాకా ఆ గదిలోకి ఎవరినీ వెళ్లనివ్వలేదు.

వెళ్లి చూసేసరికి స్కేలూ, పెన్సిళ్ల డబ్బా వాటి చోట్లలో ఉన్నాయి. కాగితం మీద దుమ్ము పడకుండా ఉతికిన తువ్వాలు కప్పి ఉంది. తిరగేసి.